ఫ్లెక్స్ తెర టీకొట్టు, తిరుపతి: మ్యాచ్‌కు మూడు మార్కులు, కోచ్ పంచాయితీకి ఐదు

తిరుపతిలో క్రికెట్ చూడ్డానికి చోటు వెతుక్కోనక్కర్లేదు. ఏ టిఫిన్ సెంటర్‌కు పోయినా గోడ మీద టీవీ ఉంటుంది, అడక్కముందే స్కోరు చెప్తారు. అదే ఇండియా ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టమంటే "అది యాడ వస్తాదన్నా?" అని రిమోట్ మన చేతికే ఇచ్చేస్తారు. ఎయిర్ బైపాస్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఓ సందులో, పేరు బోర్డు కూడా లేని ఈ టీకొట్టు ఆ కొరత తీరుస్తోంది. ఫిఫా విండో, అంటే క్లబ్బు ఆటలు ఆపి దేశాల జట్లు ఆడే రోజులు, వచ్చిందంటే వెనక షెడ్డులో ప్రొజెక్టర్ వెలుగుతుంది. వర్సిటీ పిల్లలు, ఏర్పేడు వైపు నుంచి బండ్ల మీద వచ్చే ఐఐటీ, ఐసర్ కుర్రాళ్లు, రైల్వే వర్క్‌షాపు వాళ్లు, ఇక్కడి ఆస్పత్రుల్లో పనిచేసే మలయాళీలు, అంతా కలిపి ముప్పై నలభై మంది చేరతారు. మ్యాచ్ తొంభై నిమిషాలు. ఆ తర్వాత ఇండియా కోచ్‌ను మార్చాలా వద్దా అనే పంచాయితీ ఇంకో తొంభై. ఈ కొట్టుకు పోవాల్సింది ఆ రెండోదాని కోసమే.

ముందు తెర సంగతి. నిజానికి అది తెర కాదు. ఏదో ప్రారంభోత్సవానికి కొట్టించిన ఫ్లెక్స్‌ను వెనక్కి తిప్పి గోడకు బిగించారు. పది అడుగుల వెడల్పు ఉంటుంది. వెనక వైపు తెల్లగానే ఉంది గానీ దానికి నున్నటి మెరుపు ఉంది. నడిమధ్య కూర్చుంటే ప్రొజెక్టర్ వెలుగు తిరిగి కంట్లోకే కొట్టి బంతి కనబడదు. మూడో వరసలో ఎడమ పక్క కుర్చీలు మంచివి, ముందుగా పోయినవాళ్లు అవే పట్టుకుంటారు. కుడి వైపు కింది మూలలో ఒక ముడత ఉంది. బంతి కార్నర్ జెండా దగ్గరికి పోయిందంటే ఆ ముడతలో మాయమై, రెండు సెకన్లకు ఇంకెవరి కాళ్ల దగ్గరో తేలుతుంది. "మనోడు మళ్లీ ముడతలో పడినాడు" అనేది ఇక్కడ అంచుల వెంట ఆడే వింగర్ల మీద మామూలు తిట్టు. ఫ్లెక్స్‌ను నాలుగు మూలలకు మేకులు కొట్టి వదిలేస్తే ఇట్లాగే జారుతుంది. అంచు పొడవునా అడుగుకో కన్నం వేయించి, తాడుతో నాలుగు పక్కలా లాగి కట్టాలి. పెద్ద ఖర్చు కాదు, ఓనరుకు చెప్పి చెప్పి అందరూ మానేశారు.

షెడ్డు పడమటి ముఖం. సింగపూర్‌లో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ మనకు సాయంత్రం ఐదుకే వస్తుంది. ఆ వేళకు ఎండ నేరుగా ఫ్లెక్స్ మీద పడి జెర్సీల రంగు కూడా తెలీదు. అట్లాంటి మ్యాచ్‌లకు మొదటి సగం ఇంట్లో చూసి, రెండో సగానికి వెళ్లడం మేలు. ఏడున్నర, ఎనిమిది, తొమ్మిది గంటల మ్యాచ్‌లకు ఇబ్బంది లేదు.

ఇక్కడ మ్యాచ్ నెట్ మీద వస్తుంది, డిష్ మీద కాదు. కాబట్టి అర నిమిషం దాకా వెనకబడి ఉంటుంది. పక్క సెల్‌ఫోన్ షాపులో డిష్ టీవీ ఉంది. గోల్ పడితే ముందు అక్కడ అరుపు వినిపిస్తుంది, మన తెర మీద ఇంకా మిడ్‌ఫీల్డులో పాసులు జరుగుతుంటాయి. దీనికి మందు లేదు. ఫోన్లో స్కోరు నోటిఫికేషన్లు మాత్రం ఆపేసి బోర్లా పెట్టాలని కొట్టులో కట్టుబాటు ఉంది, కొత్తవాళ్లు పాటించకపోతే పాతవాళ్లు ఊరుకోరు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద రౌటరు, స్పీకరు నడుస్తాయి, ప్రొజెక్టర్ నడవదు. పాత రకం బల్బు ప్రొజెక్టర్ అది. వేడెక్కిన బల్బు ఒక్కసారి ఆరితే చల్లారే దాకా మళ్లీ వెలగదు. కరెంటు పది సెకన్లకే వచ్చినా బొమ్మకు మూడు నాలుగు నిమిషాలు ఆగాల్సిందే. ఆ నాలుగు నిమిషాలూ కామెంటరీ ఒక్కటే వింటూ చీకట్లో కూర్చోవాలి. రేడియో కాలం మనుషులకు అది కూడా ఒక సరదాలా ఉంది.

తిండి బాగుంది. మనిషికి 80 రూపాయల టోకెన్: రెండు టీలు, ఒక ప్లేటు మిరపకాయ బజ్జీ గానీ బొరుగుల మసాలా గానీ. విడిగా కొంటే టీ 15, ప్లేటు 40, మొత్తం 70. పైన పది తెర కింద లెక్క, అది న్యాయమే. బజ్జీలు కావాలంటే విరామం దాకా ఆగొద్దు. విరామం పదిహేను నిమిషాలే, నలభై మందీ ఒకేసారి అడుగుతారు. మాస్టరు బాణలిలో పట్టినన్ని వేసేస్తాడు, నూనె చల్లబడి బజ్జీ లోపల మెత్తగా, పైన జిడ్డుగా వస్తుంది. ముప్పై అయిదో నిమిషంలో చెప్తే మొదటి వాయి దొరుకుతుంది, కరకరమంటుంది. బొరుగుల్లో ఎర్రగడ్డ సన్నగా తరిగి, పచ్చిమామిడి ఉన్న రోజుల్లో అది కూడా వేస్తారు. టోకెన్‌లో లేనిది ఉడకేసిన శెనక్కాయలు, పొట్లం 20. కొనండి. తినడానికే కాదు, పంచాయితీలో వాటికి పని ఉంది.

ఒక హెచ్చరిక. అదే రోజు ఇండియా క్రికెట్ మ్యాచ్ ఉంటే ఫ్లెక్స్ మీద క్రికెటే వస్తుంది. ఫుట్‌బాల్‌ను కౌంటర్ దగ్గరి చిన్న టీవీకి మారుస్తారు. కనీసం పదిహేను మందిమి వస్తున్నామని ముందు రోజే చెప్పి టోకెన్లు కొంటే మాత్రం ఓనరు మాట తప్పడు.

పంచాయితీకి సరంజామా ఒక పెద్ద స్టీలు పళ్లెం, సోడా మూతలు. ఎదుటి జట్టు పదకొండు మూతలు వెల్లకిలా, మనవాళ్లవి బోర్లా. మనవైపు మాత్రం మూతలు పదే ఉంటాయి. తొమ్మిదో నంబరు చోట, అంటే గోల్ కొట్టాల్సిన సెంటర్ ఫార్వర్డ్ నిలబడే చోట, ఒక శెనక్కాయ తొక్క పెడతారు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు గానీ టీవీ స్టూడియోల్లో గంటసేపు చెప్పేది ఆ తొక్క ఒక్కటే చెప్పేస్తుంది. మన పెద్ద క్లబ్బుల లీగు ఐఎస్‌ఎల్‌లో క్లబ్బుకు నలుగురు విదేశీయులు మైదానంలో ఉండొచ్చు, ఆ నలుగురిలో ఒకడు దాదాపు ఎప్పుడూ గోల్ కొట్టేవాడే. మనవాడు వింగ్‌కు పోతాడు, లేదా బెంచీకి. అందుకే 2024 జూన్‌లో కువైట్‌తో 0-0 మ్యాచ్ ఆడి వీడ్కోలు తీసుకున్న సునీల్ ఛెత్రిని 2025 మార్చిలో, నలభై ఏళ్ల వయసులో, మళ్లీ పిలవాల్సి వచ్చింది. వచ్చీరాగానే షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద గోల్ కొట్టాడు కూడా. అది ఆయన గొప్పా, మన గతా అనేది ఇక్కడ ఇంకా తేలలేదు.

పంచాయితీ నడిపేది రిటైరైన ఒక పీఈటీ సారు. నియమం ఒక్కటే: కోచ్‌ను తీసేయాలి అన్నవాడు మనం తిన్న గోల్‌ను పళ్లెం మీద మూతలతో ఆడించి చూపాలి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎక్కడ నిలబడాల్సింది. చూపించలేకపోతే ఆ బల్ల మీద టీలన్నీ అతని ఖాతాలో. ఈ ఒక్క నియమం వల్ల సగం అరుపులు తగ్గిపోతాయి. మిగిలిన సగం వినదగ్గవి.

2025 నవంబర్ 18 రాత్రి ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడినప్పుడు ఈ పళ్లెం చుట్టూ నిలబడ్డానికి చోటు లేదు. ఆసియా కప్ అర్హత అప్పటికే రెండు జట్లకూ పోయింది, మ్యాచ్‌కు విలువ లేదు. అయినా బంగ్లాదేశ్ మనమీద గెలవడం 2003 తర్వాత అదే మొదలు. మొదటి పావుగంటలోనే ఎదురుదాడిలో వాళ్ల మొర్సాలిన్ కొట్టిన గోల్ అది. వర్సిటీ కుర్రాడు ఒకడు మూతలు సర్ది మొదలుపెట్టాడు.

"చూడండి సార్, మన బంతే. రెండు పక్కలా కాసే ఫుల్‌బ్యాకులిద్దరూ పైకి పోయినారు. వెనక ఇద్దరే మిగిలినారు. వీళ్ల ముందర అడ్డం నిలబడాల్సిన మిడ్‌ఫీల్డర్ యాడుండాడు? ఈడ. బంతి ఎనకాల పరిగెత్తతా ఉండాడు."

"సరే నాయనా, అది కోచ్ తప్పా, ఆటగాడి తప్పా?" అన్నారు సారు.

"నేర్పింటే ఆడ నిలబడతాడు గదా సార్."

ఇక్కడ కుర్రాడి మాటకు బలం ఉంది. దాడికి ఏడుగురు పోయినప్పుడు వెనక ఎవరు ఆగాలి, బంతి పోయిన మొదటి ఐదు సెకన్లలో ఎవరు అడ్డం పడాలి అనేది ప్రతిభతో పనిలేని విషయం, సాధనతో వచ్చేది. ఫుల్‌బ్యాకుల్లో ఒకడు పోతే ఒకడు ఆగాలి. ఇద్దరూ పోతే నడిమధ్య కాసే సెంటర్‌బ్యాకులిద్దరి మధ్యలోకి మిడ్‌ఫీల్డర్ దిగి ముగ్గురు కావాలి. రెండు మూడు పూటల సాధనలో పట్టుబడే సంగతి ఇది. పళ్లెం మీద మూతను అంగుళం వెనక్కి జరిపితే గోల్ దారి మూసుకుపోవడం కళ్లకు కడుతుంది. దీన్ని సారు కూడా కోచ్ ఖాతాలోనే వేశారు.

తర్వాత సారు వంతు. ఖాలిద్ జమీల్ 2025 ఆగస్టు 1న కోచ్ అయ్యాడు. సావియో మెడెయిరా తర్వాత పదమూడేళ్లకు వచ్చిన మొదటి భారతీయ కోచ్ ఆయన. 2016-17లో మిజోరం క్లబ్బు ఐజాల్‌ను ఐ-లీగ్ విజేతగా నిలబెట్టినవాడు. తొలి మ్యాచ్‌లోనే తజికిస్తాన్‌ను వాళ్ల గడ్డ మీద 2-1తో ఓడించాడు, మధ్య ఆసియా దేశాల కాఫా టోర్నీలో ఒమన్‌ను పెనాల్టీల్లో దాటి మూడో స్థానం తెచ్చాడు. ఆ రెండు మ్యాచ్‌ల్లోనూ పనికొచ్చింది ఒకటే ఆయుధం, డిఫెండర్ ఉవైస్ పక్కగీత నుంచి చేత్తో విసిరే పొడుగు త్రో. సారు పళ్లెం అంచున మూత పెట్టి దాన్ని విప్పి చూపించారు: త్రో నుంచి నేరుగా వచ్చే బంతికి ఆఫ్‌సైడ్ లేదు, అంటే ఎదుటి డిఫెండర్లను దాటి ముందే నిలబడ్డా తప్పు కాదు, కాబట్టి గోల్‌కీపర్ మీదికే మనిషిని నిలబెట్టొచ్చు. మొదటి పోస్టు దగ్గర పొడుగువాడు తలతో వెనక్కి మళ్లిస్తాడు, రెండోవాడు పరిగెత్తుకొచ్చి తోస్తాడు. ఒమన్ మీద భేకే మళ్లించాడు, ఉదాంత తలతో కొట్టాడు. చేతిలో ఉన్న సరుకుతో వండిన కూర ఇది, తొమ్మిదో నంబరు అక్కర్లేని గోల్.

దీనికి మలయాళీ నర్సు ఒకాయన వచ్చీరాని తెలుగులో ఒక్క ప్రశ్న వేశాడు, ఆ రాత్రికి అదే మేలైన మాట. "త్రో వేసేవాడు ఎవరు? లెఫ్ట్ బ్యాక్. వాళ్లు తలతో బయటికి కొట్టేస్తే లెఫ్ట్ సైడ్ ఎవరుంటారు?" ఎవరూ ఉండరు. అంటే గోల్ తెచ్చే ఆయుధమే వెనక తలుపు తెరిచి పెడుతోంది. త్రో వేయగానే ఎడమ వింగర్ వెనక్కి దిగి ఆ ఖాళీ కాయాలి, అదొక ఒప్పందం లాగా ముందే ఉండాలి. సారు ఒక మూతను వెనక్కి జరిపి, ఏమీ అనకుండా టీ తాగారు.

రోజుల లెక్కకు వచ్చేసరికి శెనక్కాయలు బయటికొస్తాయి. మామూలు ఫిఫా విండోలో ఆటగాడు ఆదివారం దాకా క్లబ్బుకు ఆడతాడు, సోమవారం ప్రయాణం, మంగళవారం కాళ్లు సడలించుకోవడం, బుధవారం ఒక్కటే అసలు సాధన, గురువారం మ్యాచ్. సారు బల్ల మీద ఒకే ఒక్క శెనక్కాయ పెట్టి "ఇంతే నాయనా కోచ్‌కు దక్కేది, దీంట్లో ఏం నూనె తీస్తావు?" అంటారు. మాట బాగుంది గానీ ఈసారి చెల్లలేదు. 2025లో లీగు నడిపే హక్కుల ఒప్పందం తేలక ఐఎస్‌ఎల్ ఆగిపోయింది. క్యాంపుకు రోజులు కావాల్సినన్ని దొరికాయి, దొరకనిది మ్యాచ్ ఊపు. లీగు ఆడని కాళ్లు అరవయ్యో నిమిషానికి బరువెక్కుతాయి. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ మీద ఛాంగ్తే ముందుగా గోల్ కొట్టాక కూడా 1-2తో ఓడిపోయాం, ఆసియా కప్ దారి అక్కడే మూసుకుపోయింది. అంతకు ఐదు రోజుల ముందు అదే జట్టు మీద వాళ్ల ఊళ్లో ఝింగన్ ఎర్ర కార్డుతో బయటికి పోయాక, పదిమందితో ఆడి 1-1 చేసుకున్నాం. రహీం అలీ చివర్లో కొట్టాడు. పదిమందితో పోరాడిన జట్టు పదకొండు మందితో, సొంత గడ్డ మీద, ముందంజలో ఉండి ఎందుకు ఓడిందనే ప్రశ్న ఇప్పటికీ పళ్లెం మీద తిరుగుతూనే ఉంది. ఈ రివ్యూ రాసేవాళ్ల అభిప్రాయం అడిగితే, పదిమంది ఉన్నప్పుడు వెనక ఎవరు ఆగాలో అందరికీ తెలిసింది. పదకొండు మంది ఉన్నప్పుడు తెలీలేదు.

ఖర్చు లెక్క ఎత్తేది రైల్వే అన్న. ఏ కోచ్ పేరు వచ్చినా ఆయన అడిగేది "కాగితంలో ఏముంది?" అని. 2024 జూన్‌లో ఖతార్ చేతిలో 1-2తో ఓడి వరల్డ్ కప్ అర్హత మూడో రౌండుకు పోలేకపోయాక అప్పటి కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తీసేశారు. బంతి గీత దాటి బయటికి పోయినా గోల్ ఇచ్చేసిన మ్యాచ్ అది. ఒప్పందం 2026 దాకా ఉండటంతో సర్దుబాటుకు 4 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన మనోలో మార్కెజ్ 8 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి, 2025 జూలైలో పరిహారం ఏదీ లేకుండా పక్కకు తప్పుకున్నాడు. తీసేయాలి, ఉంచాలి అని గొంతు చించుకునే ముందు ఒప్పందంలో మధ్యలో తీసేస్తే ఏం కట్టాలనే ఒక్క వాక్యం ఎట్లా రాశారో చూడాలంటాడు రైల్వే అన్న. కుర్రాళ్లకు ఇది రుచించదు. ఆయన మాటే నిజం.

మార్కెజ్ గురించి ఇక్కడ కోపం కాస్త ఎక్కువ, కారణం దూరం. ఆయన కాలంలో మారిషస్‌తో 0-0, సిరియాతో 0-3, మలేషియాతో 1-1, మూడూ హైదరాబాద్ గచ్చిబౌలిలోనే జరిగాయి. ఇక్కడి నుంచి రాత్రి బస్సెక్కి పోయినవాళ్లు మూడు మ్యాచ్‌లకు కలిపి ఒక్క ఇండియా గోల్ చూసి వచ్చారు. ఆ ఏడాది ఆయన ఎఫ్‌సీ గోవా కోచ్‌గా కూడా ఉన్నాడు. "రెండు గుళ్లకు ఒకే పూజారి" అన్నది పంచాయితీ తీర్పు. తిరుపతిలో ఇంతకన్నా కటువైన మాట లేదు.

పూజారి మాట వచ్చాక ఎవరో ఒకరు సయ్యద్ అబ్దుల్ రహీం పేరెత్తుతారు. హైదరాబాద్ మనిషి, 1950 నుంచి 1963 దాకా ఇండియా కోచ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతి మీదుగా వచ్చినవే. ఈ పేరు వినగానే బల్ల చుట్టూ గొంతులు తగ్గుతాయి. కానీ పోలిక సగమే కుదురుతుంది. ఆయన కూడా రెండు చోట్ల ఉన్నాడు మరి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టూ ఆయన చేతిలోనే ఉండేది. తేడా ఏమంటే, జాతీయ జట్టుకు కావాల్సిన కుర్రాళ్లలో కొందరిని ఏడాది పొడవునా రోజూ తెల్లవారుజామున తనే ఆడించేవాడు. ఇప్పటి కోచ్‌కు ఆ వీలు లేదు, సరుకు పక్క కొట్టు నుంచి అరువు తెచ్చుకుని వండాలి. కాఫా టోర్నీకి కొన్ని క్లబ్బులు ఆటగాళ్లను వదల్లేదు, తొలి మ్యాచ్ ఫిఫా విండోకు ముందే పడటం వల్ల వదలాల్సిన పని కూడా వాళ్లకు లేదు.

మరి కొత్తవాడు ఎవరు? ఈ భాగం తేలిక. 2025లో ఈ ఉద్యోగానికి 170 దరఖాస్తులు వచ్చాయి. జావీ, గార్డియోలా పేర్లతో వచ్చిన ఈమెయిళ్లు నకిలీవని ఫెడరేషనే చెప్పాల్సి వచ్చింది. చివరి ముగ్గురిలో జమీల్, స్టీఫెన్ కాన్‌స్టంటైన్, స్లొవేకియా స్టెఫాన్ తార్కోవిచ్ మిగిలారు. కాన్‌స్టంటైన్ ఇప్పటికే రెండుసార్లు చేసిపోయినవాడు, 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్‌ను 4-1తో కొట్టింది ఆయన జట్టే. కొట్టులో ఎవరైనా నాలుగో పేరు చెప్తే సారు పళ్లెంలోని తొక్క చూపిస్తారు. "ఎవురు వచ్చినా దీంతోనే ఆడించల్ల." అక్కడితో జాబితా ముగుస్తుంది.

ఇన్ని వాదనలూ విన్నాక ఈ పంచాయితీకి ఐదు మార్కులు ఎందుకో చెప్పాలి. వేరే చోట్ల కోచ్ చర్చంటే ఓడినప్పుడు తీసేయ్, గెలిచినప్పుడు ఉంచేయ్. ఇక్కడ పళ్లెం రెండు ఖాతాలు విడగొడుతుంది. మూత జరిపితే బాగుపడేది కోచ్ లెక్క, తొక్క మార్చితే గానీ బాగుపడనిది లీగు లెక్క. ఢాకా రాత్రి తిన్న గోల్ మొదటి ఖాతాలోకి, కొట్టలేకపోయిన గోల్స్ రెండో ఖాతాలోకి పోయాయి. చేతులెత్తమంటే ఉంచాలన్నవాళ్లు ఎక్కువే గానీ ఒక షరతు పెట్టారు: తర్వాతి విండోలో కూడా ఎదురుదాడికి ఇదే తీరులో గోల్ తింటే సారు కూడా చెయ్యి దించేస్తారు. 2026 నుంచి సెప్టెంబర్, అక్టోబర్ విండోలను కలిపి పదహారు రోజులు, నాలుగు మ్యాచ్‌లు చేశారు. సాధనకు రోజులు దొరుకుతాయి, సాకులకు దొరకవు.

వెళ్లేవాళ్లకు ఇంకొన్ని సంగతులు. బ్రహ్మోత్సవాలు కూడా మామూలుగా సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనే పడతాయి. గరుడసేవ చుట్టుపక్కల అలిపిరి వైపు నుంచి రావొద్దు, రద్దీలో మొదటి సగం రోడ్డు మీదే అయిపోతుంది. బండి సందు మొదట్లోనే పెట్టండి, లోపల తిప్పుకోవడానికి చోటు లేదు. ఆడవాళ్లు వస్తున్నారు, ఇబ్బంది పెట్టేవాళ్లు లేరు, కానీ బాత్రూం లేదు. ఇది పెద్ద లోపం, మ్యాచ్‌కు రెండు మార్కులు కోసింది ముడత కన్నా ఇదే. షెడ్డు వెనక కాలవ ఉంది, నవంబర్ వానల తర్వాత దోమలు కుట్టి చంపుతాయి, ఫుల్ ప్యాంటు వేసుకోండి. ఫోన్‌పే తీసుకుంటారు, కార్డు లేదు.

పళ్లెం అడిగితేనే ఇస్తారు. తెల్లారి అదే పళ్లెంలో ఇడ్లీపిండి గరిటెలు పెట్టాలి కాబట్టి రాత్రి పదకొండున్నరకు మాస్టరు వచ్చి అడుగుతాడు. మూతలు కౌంటర్ కింద హార్లిక్స్ సీసాలో ఉంటాయి, ఇరవై ఒక్కటి లెక్కపెట్టి తిరిగి వేయాలి. తొక్కకు మీ పొట్లంలోదే వాడుకోవాలి.